గొర్రెకు సూది, గోడకు మాట

పశువుల దవాఖానలో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు ఒక సంగతి ముందే చెప్పేస్తాను. శిక్షణలో బర్రె కడుపులో నాలుగు అరలుంటాయని చెబుతారు. సూది ఎక్కడ వేయాలో, దూడ అడ్డం తిరిగితే చెయ్యి ఎట్లా పెట్టాలో నేర్పుతారు. అన్నీ పనికొచ్చేవే. కానీ బర్రె తనంతట తాను దవాఖానకు రాదు. తాడుకు అవతలి కొసన ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి గురించి మీకు ఒక్క ముక్క చెప్పరు. బర్రె తన్నితే వాపు నాలుగు రోజులుంటుంది. దాని యజమానికి మనసు నొచ్చుకుంటే మీకు బదిలీ అయ్యేదాకా ఉంటుంది.

నేను డాక్టర్‌ను కాను, పశువైద్య సహాయకుణ్ణి. ఊళ్లలో అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. ఒక్కరిని కూడా నేను సరిదిద్దలేదు. ఈ గర్వం గురించి మొదట్లోనే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ముందు ముందు ఒప్పుకోవాల్సినవి ఇంకా పెద్దవి ఉన్నాయి.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒక్కటి, అదీ మోకాళ్ల నొప్పులతో పాటు వచ్చింది. రిజిస్టర్ల గురించీ రాయను. తెలంగాణ వచ్చిన తర్వాత నేను పనిచేసిన ఏళ్లలో రెండు మూడు సంగతులు మాత్రం రాస్తాను. అందులో ఎక్కువ భాగం ఒక గొర్రెల మంద గురించి. అరవై నాలుగు గొర్రెలు. వాటి ప్రాణాలు టీకా సీసా మీద కన్నా ముగ్గురు మనుషుల మనసుల మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. ఇద్దరు అన్నదమ్ములు. మూడోవాణ్ణి నేను.

పేరు అడగండి

రాష్ట్రం వచ్చిన కొత్తలో జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో ఉన్నాను. అనసూయమ్మ అనే ఆమె బర్రెను పాము కరిచింది. నేను వెళ్లేసరికే అది నేల మీద ఉంది. కన్ను చూశాను, నాడి చూశాను, స్పష్టంగా, శాస్త్రీయంగా చెప్పాను: "ఇది బతకదమ్మా."

ఆమె చేతిలో కుడితి బకెట్ ఉంది. బకెట్ నా మీదికి వచ్చింది, కుడితితో సహా.

అప్పటి మా డాక్టర్ పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. మాటలు తక్కువ, సిగరెట్లు ఎక్కువ. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "బకెట్టా, చెంబా?" అని అడిగాడు.

"బకెట్ సార్."

"అయితే తప్పు పెద్దదే. పేరేంది?"

"అనసూయమ్మ సార్."

"ఆమెది కాదయ్యా. బర్రెది."

నాకు తెలియదు. తెలియాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు.

"ముందు పేరడుగు. పేరు చెప్పెటప్పుడు మనిషి జర ఆగుతడు. అప్పుడు నీ మాట లోపలికి పోతది. గంతకు ముందు నువ్వేం చెప్పినా బకెట్టే."

పాతికేళ్ల నా ఉద్యోగంలో ఎవరైనా నేర్పిన పాఠాల్లో ఇదే మొదటిది. ఆ తర్వాత నేను పేరడగకుండా ఏ పశువు మీదా చెయ్యి వేయలేదు. ఒకాయనను ఎద్దు పేరడిగితే వాళ్ల మామ పేరు చెప్పాడు. ఎద్దు కోలుకుంది. మామ సంగతి నేను అడగలేదు.

అదే డాక్టర్ టీకాలు వేసే రోజుల్లో వరసగా పెండ్లిళ్లకు పోయేవాడు. మంచి మాట చెప్పినవాడు మంచి పనివాడు కూడా అయి ఉండాలని లేదు. మాట తీసుకోండి, హాజరు నేర్చుకోకండి.

చినిగిన పుస్తకం

తర్వాత నాకు హాలియా వైపు బదిలీ అయింది. టౌన్‌లో శాఖా గ్రంథాలయం ఉంది. నాకు చిన్నప్పటి నుంచీ పుస్తకాల పిచ్చి ఉంది కానీ డబ్బుపెట్టి కొనే అలవాటు లేదు. ఆ గ్రంథాలయంలో మనసు గురించిన పుస్తకాలు వాస్తు పుస్తకాలకూ వంటల పుస్తకాలకూ మధ్యన ఒకే అరలో ఉండేవి. రెండేళ్లలో ఆ అర మొత్తం చదివేశాను. కాస్త అటూ ఇటూ జరిగి వంటలవి కూడా రెండు చదివాను.

అందులో ఒక లావుపాటి పుస్తకం మనిషి ఉద్వేగాల మీద. మనిషి ముందు ఉడుకుతాడు, తర్వాతే ఆలోచిస్తాడు, ఆలోచన అనేది చాలాసార్లు ఉడుకుకు వకీలు మాత్రమే అని దాని సారం. నాకు తెగ నచ్చింది. కానీ ఎవరో మహానుభావుడు మధ్యలో అధ్యాయాలు చింపుకుపోయాడు. భయం సగం ఉంది. సిగ్గు గురించిన అధ్యాయం పూర్తిగా లేదు. చింపినవాడికి ఆ అవసరం ఉందనే అనుకుంటాను. కోపం అధ్యాయం మాత్రం ఒక్క పేజీ పోకుండా నిండుగా ఉంది. నేను దాన్ని మూడుసార్లు చదివాను. అందువల్ల నేను కోపంలో నిపుణుణ్ణి అయ్యాను.

ముందు ఇంట్లో ప్రయోగించాను. మా ఆవిడ గిన్నెలు ఎత్తెత్తి పెడుతున్నప్పుడు నెమ్మదిగా అన్నాను: "నీకు ఇప్పుడు వస్తున్నది నిజమైన కోపం కాదు. అది అలసట. కోపం వేషం వేసుకుంది."

"అలసటనే," అంది ఆమె. "గిన్నెలు తోమినంక పోతది. నువ్వు తోము."

తోమాను. ఆమె కోపం పోయింది. పుస్తకం నిజమే చెప్పిందని అప్పుడు సంతోషించాను. ఇప్పుడు ఆలోచిస్తే పని చేసింది పుస్తకం కాదు, పీచు.

కుక్కను తెచ్చిన లింగమ్మ

నా పరిధిలోని ఒక ఊళ్లో బీరయ్య, మల్లేశం అని అన్నదమ్ములు ఉండేవారు. తరతరాలుగా గొర్రెలు కాసే కుటుంబం. ఇద్దరి ఇండ్లకూ నడుమ ఒకటే గోడ, ఇద్దరివీ వేరువేరు మందలు. బీరయ్య పెద్దవాడు, నెమ్మదస్తుడు. అతని భార్య లింగమ్మ మాత్రం నేను పెద్ద చదువులు చదివిన వాళ్లలో కూడా చూడని రకం మనిషి.

ఒకసారి వాళ్ల గొర్రె ఒకటి చచ్చిన పిల్లను ఈనింది. అదే రోజు ఇంకో గొర్రె ఈని తల్లే పోయింది. పాలున్న తల్లికి పిల్ల లేదు, పిల్లకు తల్లి లేదు. లింగమ్మ చచ్చిన పిల్ల తోలు తీసి బతికిన పిల్లకు కప్పింది. ఈ పద్ధతి నాకు తెలుసు. గొర్రె వాసన చూసింది, కొంచెం మెత్తబడింది, మళ్లీ ఆలోచించుకుని ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల పల్టీ కొట్టింది.

నేను అక్కడే నిలబడి తల్లీబిడ్డల మధ్య అనుబంధం ఎట్లా ఏర్పడుతుందో పుస్తకంలో చదివింది వివరిస్తున్నాను. లింగమ్మ వినడం లేదు. పోయి కుక్కను తీసుకొచ్చి, తాడు గట్టిగా పట్టుకుని, గొర్రెకూ పిల్లకూ ఎదురుగా నిలబెట్టింది. కుక్క ఒక్కసారి గుర్రుమంది. గొర్రె కాలు నేలకేసి కొట్టి, తల వంచి, పిల్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. కాసేపటికి పిల్ల పొదుగు కింద దూరింది. గొర్రె ఊరుకుంది.

"చూస్తివా సారూ," అంది లింగమ్మ. "దానికి ప్రేమ రాలే. రోషమొచ్చింది. రోషమొస్తే చాలు, ప్రేమ దానెనకనే నడుచుకుంట వస్తది."

ఆ మాట ఇంటికెళ్లి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. గొర్రెకు పనిచేసింది మనిషికి కూడా పనిచేస్తుందని ఆ పక్కనే నా సొంత వ్యాఖ్యానం కూడా రాశాను. నోట్‌బుక్‌లో కొట్టివేత ఉన్న చోటు అదొక్కటే.

తలకాయ కూర

ఆ అన్నదమ్ములకు మాటల్లేవు. కారణం చెబితే పట్నం వాళ్లు నవ్వుతారు. వాళ్ల కులదైవం బీరప్ప పండుగకు కోసిన పొట్టేలు తలకాయ ఇంటి పెద్దవాడికి పోవాలి. అది ఆనవాయితీ. ఆ ఏడు పొట్టేలును పెంచింది మల్లేశం, కోసిందీ అతని వాకిట్లోనే. మల్లేశం భార్య పద్మ కొత్తగా వచ్చిన పిల్ల, ఆనవాయితీ తెలియక తలకాయ వండేసింది. బీరయ్య ఇంటికి గిన్నె నిండా మెత్తటి మాంసం పంపింది, గౌరవంగా. బీరయ్య గిన్నె మూత తీసి చూసి, మూత పెట్టి, గిన్నె వెనక్కి పంపాడు. మల్లేశం ఆ గిన్నెను అన్న గుమ్మంలో బోర్లించాడు. కూర చల్లారి మూడేళ్లయింది, వాళ్లు చల్లారలేదు.

అయినా పక్కపక్క ఇండ్లు కదా, బతకాలి. అందుకని వాళ్లు గోడకు చెప్పేవారు. ఇది ఆ వైపు ఊళ్లలో ఉన్న పద్ధతే. మాటలు బంద్ చేసుకున్న మనుషులు ఒకరికొకరు చెప్పరు. గోడకో కోడికో దూడకో చెబుతారు, అవతలివాళ్లకు వినపడేటట్టు. నల్లా నీళ్లు వస్తే లింగమ్మ తన కోడితో అనేది: "ఓ కోడీ, నల్లా వచ్చింది, కొందరు ఇంక పండుకునే ఉన్నరు." అవతల బిందెల చప్పుడు వినిపించేది. కరెంటు బిల్లు కొట్టే మనిషి వచ్చినా, ఊళ్లో ఎవరైనా పోయినా వార్త గోడ దాటేది. పౌరుషానికి పౌరుషం, పనికి పని. ఇంత తెలివైన ఏర్పాటు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అందుకే ఆ ఎండాకాలం మొదట్లో గోడకు ఒక వార్త అందకపోవడం నాకు వింతగా అనిపించాల్సింది. అనిపించలేదు.

నా ఉపన్యాసం

లింగమ్మ ఫోన్ చేసింది. "సారూ, గొర్లు పారుతున్నయి. మూతులకు పుండ్లు. నాలుగు పోయినయి."

వెళ్లి చూశాను. కండ్లకు పుసి, ముక్కులు కారుతున్నాయి, చిగుళ్లు పచ్చి పుండు. పారుడు రోగం, అంటే విరేచనాలు పట్టించే అంటురోగం. మందలోకి వస్తే సగం మందను తీసుకుపోతుంది. రోగం పట్టినవాటికి చేయగలిగింది తక్కువ. చేయగలిగిందల్లా రోగం రాని మందకు టీకా వేయడం, రెండు మందలనూ కలవనీయకపోవడం. టీకా ఒంటికి పట్టడానికి పది పదిహేను రోజులు కావాలి. ఆ పదిహేను రోజులూ మల్లేశం గొర్రెలు బీరయ్య గొర్రెలు తాగిన చోట తాగకూడదు. ఊళ్లో అప్పటికి నీళ్లున్నది ఒకటే కుంట. ఉదయం ఒక మంద, సాయంత్రం ఒక మంద.

"తమ్ముడికి చెప్పినవా?" అని బీరయ్యను అడిగాను.

"మాకు మాటల్లేవు గద సారూ."

"గోడకు చెప్పకపోయినవా?"

అతను చేతిలోని కట్టె వైపు చూశాడు. నాకు ఇదే అదను అనిపించింది. కోపం మనిషిని ఎట్లా కాలుస్తుందో, మొదట కాలేది పట్టుకున్నవాడి చెయ్యే ఎట్లా అవుతుందో పావుగంట చెప్పాను. ఒక ఆవు పక్కన పేడ వేసింది. అది తప్ప ఇంకెవరూ స్పందించలేదు.

"నాకు కోపం లేదు సారూ," అన్నాడు బీరయ్య చివరికి.

"కోపమున్నవాడే కోపం లేదంటాడు" అన్నాను. అది పుస్తకంలో ఉంది.

"కోపముంటే తిడ్తుంటి గద," అన్నాడు. అది పుస్తకంలో లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

సరే, అన్న చెప్పకపోతే నేనే చెబుతానని గోడ అవతలికి పోయాను. మల్లేశం మంచం నులక బిగిస్తున్నాడు. సంగతి చెప్పాను. రేపే టీకా వేస్తానన్నాను.

"మా అన్న పంపిండా నిన్ను?"

"లేదు. నేనే వచ్చిన."

"ఎన్నడు మొదలైంది రోగం?"

"వారమైంది."

అతను నులక వదిలేశాడు. "వారం సంది సస్తున్నయా? వారం సంది గదే కుంటల తాపుతున్నడా? నాకు చెప్పలే. గోడకన్న చెప్పలే. అంటే ఏంది సారూ, నా మంద గూడ పోవాలెనని గద?"

"అది కాదు మల్లేశం…"

"ఆయన నోటితోని చెప్పిందాక నా గొర్లకు సూది వద్దు. సూడి గొర్లున్నయి, సూదితోని ఈసుకపోతే ఎవరు జిమ్మ?"

టీకాతో చూలు గొర్రెలకు కడుపు పోదని, ఆ బాధ్యత నాదని చెప్పాను. వినలేదు. అప్పుడు నాకు లింగమ్మ కుక్క గుర్తొచ్చింది. ఇద్దరికీ కలిపి ఒక శత్రువును చూపిస్తే రోషమొస్తుంది కదా. "పక్క ఊరి కాపర్లు మిమ్మల్ని చూసి నవ్వుతున్నరు, తెలుసా?" అన్నాను.

"నవ్వనీ. పండ్లు గాలికి ఆరుతయి."

అప్పుడు కోపంలో నిపుణుడైన నాకు కోపమొచ్చింది. "సావనీయి నీ గొర్రెలను, నాకేంది," అని బండి ఎక్కి వచ్చేశాను. పద్మ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. ఆమె ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఇబ్బందే. పెండ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండు గొర్రెల నుంచి ఆ పిల్ల సొంతంగా పదకొండు చేసుకుంది. అవీ మల్లేశం మందలోని ఆ అరవై నాలుగులోనే ఉన్నాయి.

మర్నాడు బీరయ్య ఇంటికి పోతే తలుపు తీయలేదు. నేను తన సంగతి గోడ అవతలికి మోశానని అతనికి తెలిసిపోయింది. ఒక్క రోజులో రెండు తలుపులు మూయించాను. ఇంత వేగంగా పనిచేసిన ఉద్యోగి మా శాఖలో లేడు.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

అప్పుడు మా మండలం డాక్టర్ ఒక అమ్మాయి. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. ఆమె కింద పనిచేయడం నాకు మొదట్లో కారం రాసినట్టుండేది. ఆమె ఏదైనా చెబితే "ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నాను మేడమ్" అనేవాణ్ణి. "ఇంకొకసారి చూడండి" అనేది. మనిషి గట్టిది. కాపర్లు ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడేది కాదు, అందుకని వాళ్లు ఆమెకు అన్నీ చెప్పేవారు. నేను మధ్యలో అడ్డుపడి జ్ఞానం పంచేవాణ్ణి, అందుకని నాకు ఏమీ చెప్పేవారు కాదు.

ఆమెకు అంతా వివరించాను. అన్నదమ్ముల పంతం, మూఢత్వం, కోపం. కోపం గురించి అధ్యాయం కూడా వినిపించబోయాను.

"రోగం బీరయ్య మందలోకి ఎట్లా వచ్చింది?" అని అడిగింది.

"అంగట్ల రెండు గొర్రెలు కొన్నడు మేడమ్. సగం ధరకు ఇచ్చిన్రట. కొన్ననాడే మల్లేశం అన్నడు, గోడతోనే, ‘అగ్గువకు వచ్చినయంటే ఏదో ఉన్నట్టే’ అని."

"అంటే తమ్ముడు చెప్పిందే నిజమైంది."

"అయింది."

"కొన్న తర్వాత వాటిని ఎవరికన్నా చూపించాడా?"

నేను ఫ్యాను వైపు చూశాను. ఇక్కడిదాకా మీకు ఒక సంగతి చెప్పకుండా వచ్చాను. ఆమెకూ చెప్పలేదు. నిజానికి నాకు నేనే చెప్పుకోలేదు. బీరయ్య వాటిని చూపించాడు. నాకే చూపించాడు. అంగడి నుంచి తోలుకొస్తూ దారిలో నా బండి ఆపి, "సారూ, వీటికి ముక్కులు కారుతున్నయి, మందల కలపాల్నా వద్దా?" అని అడిగాడు. ఎండగా ఉంది. అన్నానికి పోతున్నాను. బండి దిగలేదు. ఇంజిన్ కూడా ఆపలేదు. "జలుబు," అన్నాను. "కలుపుకో."

నోరు తెరిచి చిగుళ్లు చూస్తే తెలిసేది. పేరు కూడా అడగలేదు.

ఆమెకు చెప్పాను. చెప్పేసరికి చొక్కా తడిసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"నర్సింహ గారూ, బీరయ్య నోరు తెరిస్తే తమ్ముడి అనుమానమే నిజమైందని ఒప్పుకోవాలి. మీరు నోరు తెరిస్తే చూడకుండా చెప్పానని ఒప్పుకోవాలి. అక్కడ కోపమున్నది మల్లేశం ఒక్కడికే, అదీ నొచ్చుకున్న కోపం. మీ ఇద్దరికీ ఉన్నది సిగ్గు. సిగ్గుపడ్డ మనిషిని ముందు నడవమంటే నడవడు. మీరు ముందు నడవండి."

"సస్పెండ్ చేస్తారా మేడమ్?"

"ముందు సూదులు వేయండి. తర్వాత చూద్దాం."

కోపం చప్పుడు చేస్తుంది కాబట్టి అందరికీ కనపడుతుంది. సిగ్గు చప్పుడు చేయదు. మనుషుల మధ్య జరిగే అనర్థాల్లో చాలా వాటికి కోపం మీద కేసు రాస్తాం, అసలు దొంగ పక్కనే నిలబడి చూస్తుంటాడు. ఇది పుస్తకంలో లేదు. ఉంటే చిరిగిన పేజీల్లో ఉండి ఉంటుంది.

గోడ

మధ్యాహ్నం బీరయ్య వాకిట్లోకి వెళ్లాను. తలుపు మూసే ఉంది. లింగమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి చాట వైపు తిరిగి కూర్చుంది. గోడ అవతల మల్లేశం దగ్గు వినపడింది. ఇద్దరూ ఇండ్లలోనే ఉన్నారు.

నేను గోడకు ఎదురుగా నిలబడ్డాను. ఆ ఏడు నాకు యాభై ఏడేళ్లు. ఇంటర్ పాసై, కోర్సు చేసి, గ్రంథాలయంలో ఒక అర మొత్తం చదివినవాణ్ణి. గోడతో మాట్లాడబోతున్నాను.

"ఓ గోడా," అన్నాను. లింగమ్మ చేతులాగిపోయాయి. "ఓ గోడా, బీరయ్య గొర్లు కొన్నంక నాకు చూపించిండు. మందల కలపాల్నా అని అడిగిండు. నేను బండి దిగలే. జలుబు, కలుపుకో అన్న. నా మాట నమ్మి కలిపిండు. ఆయన కొనుడు తప్పైతే గావచ్చు. కలుపుడు తప్పు నాది. గింతే."

అంత సిగ్గుపడ్డది నా జీవితంలో ఇంకెప్పుడూ లేదు, పెండ్లిలో పంచె జారినప్పుడు కూడా.

అవతల నుంచి పద్మ గొంతు వచ్చింది, కోడితో అంటోంది: "విన్నవానే కోడీ? డాక్టరట. బండి దిగడట."

"ఊకో," అన్నాడు మల్లేశం. తర్వాత ఆగి, "గోడా, గా సూడి గొర్లకు నిజంగ ఏం గాదా, అడుగు."

"ఏం గాదు," అన్నాను. "నేను దగ్గరుండి ఒక్కొక్కదాన్ని చూసి ఏస్త."

"బండి దిగుతడట్నా?" పద్మ కోడిని అడిగింది.

"దిగుత," అన్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. బీరయ్య గడపలో నిలబడ్డాడు. గోడ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"పారుతున్నయని వారం సంది తెలుసు. సిగ్గాయె, చెప్పలే," అన్నాడు నేలతో. "రేపటి సంది కుంటకు రాను. పడమటి బోరు కాడ తాపుత. కుంట వాళ్లకే ఇడుస్తున్న."

పడమటి బోరు అక్కడికి రెండు మైళ్లు. ఎండలో, రోగంతో కాళ్లీడ్చుకునే గొర్రెలతో, పోనూ రానూ. లింగమ్మ చాట కింద పెట్టింది.

వారం రోజులు ఆ గొర్రెలు తాగిన కుంట కాబట్టి నాలుగు రోజులు మల్లేశం గొర్రెలకు తొట్టిలో నీళ్లు పెట్టమన్నాను. మర్నాడు పొద్దున్నే టీకాలు వేశాను. డాక్టరమ్మ కూడా వచ్చింది. సూది కన్నా ముందు ఒక్కో గొర్రె నోరు తెరిచి చూశాను. అరవై నాలుగు నోళ్లు. పద్మ తన పదకొండింటి పేర్లు అడగకుండానే చెప్పింది. బీరయ్య సాయం వస్తానని లింగమ్మతో కబురు పంపితే నేనే వద్దన్నాను. రోగం చేతులతో, బట్టలతో కూడా వస్తుంది. మనసు కలిసిన రోజునే మనిషిని దూరం పెట్టాల్సి రావడం మా ఉద్యోగంలో ఉన్న దరిద్రం.

పదిహేను రోజులు

ఆ పదిహేను రోజులూ రోజు విడిచి రోజు వెళ్లాను. ముందు మల్లేశం ఇంటికి, తర్వాతే బీరయ్య ఇంటికి. ఆ వరస తప్పకూడదు. బీరయ్య మందలో ఇంకో తొమ్మిది పోయాయి, మొత్తం పదమూడు. ప్రతిసారి నేనే గొయ్యి పక్కన నిలబడి సున్నం చల్లించాను. బీరయ్య ఒక్కసారి కూడా నా "జలుబు" మాట ఎత్తలేదు. ఎత్తితే నాకు తేలికగా ఉండేది. అతనికి ఆ సంగతి తెలుసనే నా అనుమానం.

నా మీద డాక్టరమ్మ పైకి రాసింది. సస్పెండ్ కాలేదు కానీ సంజాయిషీ ఇచ్చుకున్నాను. న్యాయంగానే ఉంది. నా తప్పు కప్పిపుచ్చే బాస్ దొరికి ఉంటే నేను ఇంకా బండి మీద నుంచే వైద్యం చేస్తుండేవాణ్ణి.

మల్లేశం మందలో ఏదన్నా ఒక గొర్రె దగ్గినప్పుడల్లా పద్మ నాకు ఫోన్ చేసేది. రెండుసార్లు దుమ్ము. ఒకసారి మల్లేశమే దగ్గాడు.

పదిహేనో రోజు పొద్దున ఆఖరి పరీక్ష. కుంట ఒడ్డున మందను నిలిపి, ఒక్కొక్కదాన్ని మల్లేశం వెనక కాలు పట్టి లాగుతుంటే నేను నోళ్లు తెరిచి చూస్తున్నాను. చూసినదానికి పద్మ వీపు మీద ఎర్ర రంగు పూస్తోంది. బీరయ్య చెప్పిన మాట ప్రకారం దగ్గరికి రాలేదు. కుంటకు అవతలి గట్టు మీద తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు.

యాభై దాటాయి. అరవై దాటాయి. చిగుళ్లన్నీ బాగున్నాయి. నేను నడుము పట్టుకుని లేవబోతుంటే అవతలి గట్టు నుంచి కేక వచ్చింది.

"గా నల్ల చెవులదాన్ని ఇడిచిపెట్టిన్రు! ఎవలన్న చెప్పున్రి, గా తుమ్మ చెట్టెనక ఉన్నది!"

ఎవరికి చెబుతున్నాడో పేరు లేదు. కుంటకు చెబుతున్నాడనుకోవాలి.

"చూసిన తియ్యే అన్నా!" మల్లేశం అరిచాడు. "ఊకే లొల్లి పెట్టకు!"

పద్మ చేతిలో రంగు డబ్బా అట్లాగే ఆగిపోయింది. అవతలి గట్టు మీద బీరయ్య లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, తలపాగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. మల్లేశం మా ఇద్దరి వైపూ చూడకుండా, చెవులు ఎర్రబడి, తుమ్మ చెట్టు వైపు నడిచాడు.

నల్ల చెవులదాన్ని మేము చూడలేదు. వీపు మీద రంగు లేదు. అతను దాన్ని పట్టి నా ముందుకు లాక్కొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని దాని నోరు తెరిచాను. చిగుళ్లు ఎర్రగా, తడిగా, ఒక్క పుండు లేకుండా ఉన్నాయి.